గాలికి ఎదురెగిరిన జెండా

ఆ సాయంత్రం హోటలు ముందుగదిలో అందరూ గోడకు తగిలించిన గుడ్డ మీది ఓడను చూస్తున్నారు. నేను ఆ గుడ్డ అడుగు అంచున కుడి మూలను చూస్తున్నాను. అక్కడ నా పేరు ఉండాలి. అన్న పేరు పక్కన, అదే ఎత్తులో, చింతబొగ్గుతో నేనే రాసి వచ్చిన పేరు. దాని మీద నల్లరంగు పట్టించే పనిని ఆయన తన మీద వేసుకున్నాడు. "ఆఖరు రోజు నా చేత్తోనే పట్టిస్తాను అమ్మణ్ణీ, నువ్వు ఇంటికి పో" అన్నాడు. ఇప్పుడు ఆయన పేరు నల్లగా, నిండుగా ఉంది. దాని పక్కన మూడు వేళ్ళ వెడల్పు ఖాళీ ఉంది.

అన్న అంటే నా తోడబుట్టినవాడు కాదు. వడమాలపేటలో కలంకారీ పనిశాల నడిపేవాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. తిరుపతిలో మా ఇంటినుంచి పుత్తూరు బస్సెక్కి ఆయన దగ్గరికి పంతొమ్మిదేళ్ళు పనికి వెళ్ళాను. కలం పట్టడం నాకు నేర్పింది ఆయనే. ఆ మాట కాదనను.

మా పని తెలియనివారికి రెండు సంగతులు చెప్పాలి. కరక్కాయ నీళ్ళల్లో, పాలల్లో నానబెట్టి ఆరేసిన గుడ్డ మీద మొదట చింతపుల్లను కాల్చిన బొగ్గుతో గీస్తాము. అది గీత కాదు, గీతకు గుర్తు మాత్రమే. పొడి బట్టతో రెండుసార్లు దులిపితే పోతుంది. తరువాత తుప్పుపట్టిన ఇనుమును, బెల్లాన్ని కుండలో మురగబెట్టి తీసిన నల్లనీళ్ళను వెదురు కలంతో ఆ బొగ్గు మీద పట్టిస్తాము. దాన్ని మేము కసిం అంటాము. కసిం పడిన గీత ఆ గుడ్డ ఉన్నన్నాళ్ళూ ఉంటుంది. ఆ రెండింటి మధ్య కాలంలోనే ఏ తప్పునైనా దిద్దుకోవాలి. ఇచ్చిన మాట తప్పాలన్నా కూడా ఆ కాలంలోనే.

అన్న నా పేరును దులిపేశాడు.

హోటలు యజమాని పట్టుపంచె కట్టుకుని గుడ్డ ముందు నిలబడి ఫోటోలు తీయించుకున్నాడు. తరువాత నన్ను చూపించి అడిగాడు.

"ఈయమ్మ ఎవురు?"

"మా పనిశాలలోదే సార్. రంగులు నింపుతాది" అన్నాడు అన్న.

"అట్లనా! రంగులు బాగా నింపినావమ్మా" అన్నాడు యజమాని. కాఫీ తాగి పొమ్మన్నాడు. నేను తాగలేదు.

నాకు దినచర్య రాసే అలవాటు చిన్ననాటినుంచీ ఉంది. వారం, తిథి, ఆ రోజు చేసిన పని, వాడిన సరుకు, అంతవరకే. మనసులో మాటలు రాయను. ఆనాటి పేజీలో "శుక్రవారం. ఆషాఢ శుద్ధ దశమి. ఓడ గుడ్డ తగిలించారు" అని మాత్రం ఉంది. మిగతాది రాయకపోయినా మరచిపోయేది కాదు.

ఆ ఓడ ఎలా పుట్టిందో చెబుతాను. జిల్లాలు విడదీసినప్పుడు మా తిరుపతికి ఉన్నట్టుండి సముద్రం వచ్చింది. అప్పటిదాకా కొండలే చూసుకుని బతికిన ఊరికి సూళ్ళూరుపేట, తడ, పులికాటు కలిశాయి. కొండ అడుగున యాత్రికుల కోసం కొత్త హోటలు కడుతున్న ఆ యజమాని మా పనిశాలకు వచ్చి, అన్న చూపించిన దశావతారాలను, గిరిజా కల్యాణాన్ని పక్కకు నెట్టేశాడు.

"దేవుడి పటాలు అన్ని హోటళ్ళల్లో ఉండాయి కదప్పా. నాకు సముద్రం గావాల. ఇప్పుడు మన జిల్లాకు సముద్రం వచ్చిందా, ల్యా?"

"వచ్చింది సార్."

"మరి అది నా హోటల్లోకి యాల రాకూడదు?"

అన్న సరేనన్నాడు. యజమాని వెళ్ళాక నా వైపు తిరిగి, "అమ్మణ్ణీ, ఓడ గీసేది నీకు వస్తాదా?" అన్నాడు. "రాదు. నేర్చుకుంటాను" అన్నాను. "నాకైతే రాదు తల్లీ. నువ్వు గియ్యి. పేరు నీది కూడా పక్కన యేస్తాను" అన్నాడు. నేను అడగలేదు. ఆయనే అన్నాడు. మా పనిశాలలో గుడ్డ ఎవరు గీసినా, ఎందరు రంగులు వేసినా, అంచులో పెద్దాయన పేరు ఒక్కటే వేసే ఆనవాయితీ. పంతొమ్మిదేళ్ళల్లో నేను గీసిన గుడ్డలన్నీ ఆ పేరుతోనే ఊళ్ళు దాటాయి. అందుకు నేను ఏనాడూ బాధపడలేదు, ఎందుకంటే ఎవరూ నాకు మరోమాట ఇవ్వలేదు. ఈ ఒక్క గుడ్డకు మాట వచ్చింది.

విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పాత ఓడల బొమ్మలున్న పుస్తకాలను ఆదివారాలు కూర్చుని చూశాను. మన తీరానికి గుడ్డల కోసం వచ్చిన డచ్చివాళ్ళ ఓడలు, వాటికి మూడేసి కొయ్య స్తంభాలు, ఒక్కోదానికి అంతస్తులుగా తెరచాపలు. నడిమి స్తంభం ఎత్తుకు, ఓడ పొడవుకు మధ్య ఉండే పాళ్ళను లెక్క కట్టుకున్నాను. తాళ్ళను ఒక్కొక్కటిగా, ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ముడిపడుతుందో విడిగా గీసుకున్నాను. అలల దగ్గర మేకు ఒక్కటి కూడా లేకుండా కొబ్బరితాడుతో పలకలు కుట్టిన పడవలను వేశాను. పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేవు కనుక ఆ కుట్టు పడవలే మన గుడ్డల మూటలను ఓడదాకా మోసేవట. వాటిలోని మూటల మీద, దగ్గరికి వెళ్ళి చూస్తేనే తెలిసేటట్టు, మా పనిశాల పూలతీగనే సన్నగా గీశాను. మా గుడ్డ మీద ఓడ, ఓడలో మా గుడ్డ.

జెండాల దగ్గరికి వచ్చేసరికి పుస్తకం చూడలేదు. జెండా ఎలా ఎగురుతుందో చూసి నేర్చుకోవాలా అనుకున్నాను. సముద్రాన్ని అప్పటికి రెండుసార్లు చూశాను, రెండుసార్లూ మద్రాసులోనే. దూరాన ఓడ అగ్గిపెట్టెలా కనబడింది. జెండాలను మాత్రం రోజూ చూస్తాను. కొండకు వెళ్ళే వ్యాన్ల ముందు కట్టిన కాషాయ జెండాలు, ఎన్నికలప్పుడు జీపుల మీద కట్టినవి, పెళ్ళి బస్సులకు కట్టినవి, అన్నీ వెనక్కే ఎగురుతాయి. బండి ముందుకు పోతే జెండా వెనక్కి పోతుంది. అందుకని మూడు స్తంభాల చివర మూడు జెండాలను ఓడ వెనుక వైపుకు రెపరెపలాడించాను. తెరచాపలను ముందుకు ఉబ్బించాను. నాకు అందులో ఏ లోటూ కనబడలేదు. అన్నకూ కనబడలేదు. హోటలుకు వచ్చిన వందలాది యాత్రికుల్లో ఒక్కరికీ కనబడలేదు.

గుడ్డ తగిలించిన తరువాత కూడా నేను పనికి వెళ్ళాను. మానేస్తే ఆయనకు ఒక మనిషి తగ్గుతుంది, నెల తిరక్కుండా ఇంకొకరిని తెచ్చుకుంటాడు. నాకు కావలసింది అది కాదు. గీసింది నేనని ఆయన తన నోటితో, నలుగురి ముందు అనాలి. అడిగితే అనడు. కాబట్టి అనిపించాలి. ఎలాగో తెలియదు. కానీ కుండలో ఇనుము నానినట్టు ఆ ఆలోచన నాలో నానింది. మూత తీసి చూడకుండా ఉంచాను.

కార్తీక మాసంలో గుడ్డ మీద దుమ్ము దులిపి రమ్మని అన్న నన్ను హోటలుకు పంపాడు. ముక్కాలి పీట ఎక్కి మెత్తని కుంచెతో తెరచాపలను తుడుస్తూ ఉంటే వెనకనుంచి పెద్దగా ఒక నవ్వు వినబడింది. డెబ్బై ఏళ్ళ పెద్దమనిషి. కొత్తగా గుండు చేయించుకుని దానికి గంధం పూసుకున్నాడు. చేతిలో లడ్డూ సంచి.

"ఏమ్మా, ఈ ఓడకి డీజిలు ఎక్కడ పోయిస్తారూ?"

"ఇది తెరచాప ఓడండీ. ఇంజను ఉండదు."

"ఉండదా! మరి జెండా వెనక్కెందుకు పోతోందమ్మా?"

నేను పీట దిగాను. ఆయన తన జేబురుమాలు తీసి రెండు వేళ్ళతో పట్టుకుని, నోటితో దాని మీదికి ఊదాడు. గుండు మీద గంధం రాలి చొక్కా మీద పడింది.

"చూడు. ఓడని తోసేది గాలి. వెనకనుంచి తోస్తేనే కదా నీ చాపలన్నీ ముందుకి ఉబ్బాయి. అదే గాలి పైన జెండాకీ తగులుతుంది. అప్పుడు అదీ ముందుకే ఎగరాలి. కారుకైతే గాలి ఎదురొస్తుంది, ఓడకి గాలే ఇంజను. నీ బొమ్మలో కింద ఒక గాలి, పైన ఒక గాలి వీస్తోంది. ఈ ఓడ ఎక్కినవాడు సముద్రం మధ్యలో గిరగిరా తిరుగుతాడు."

ఆయన నలభై ఏళ్ళు ఓడల్లో పనిచేసి, ఓడను నడిపే కెప్టెనుగా పదవీ విరమణ చేసిన మనిషి. గొంతు తగ్గించి మాట్లాడటం ఆయనకు చేతకాదు. హోటలు మెట్ల మీది జనమంతా మా వైపు చూశారు. నాకు ముఖం వేడెక్కింది. కానీ ఆయన మాటలో ఎక్కడా తప్పు దొరకలేదు. ఓడకు నేను కట్టిన లెక్క అంతా సరిపోయి, పైన మూడు జెండాల దగ్గర తప్పిపోయింది.

ఆ తరువాత ఆయన అన్న మాటలు ఇంకా పెద్దవి. గూడూరు అవతల, సముద్రానికి దగ్గరలో, ఓడల్లో పనిచేసి విరమించినవాళ్ళంతా కలిసి ఒక హాలు కట్టుకుంటున్నారు. ఆ తీరం నుంచి గుడ్డలు ఓడలెక్కిన చరిత్ర గోడ మీద ఉండాలని వాళ్ళ కోరిక. "జెండా ఒక్కటి వదిలేస్తే ఇంత పనితనం నేను చూడలేదు. ఇంతకు రెండింతలు పెద్దది కావాలి" అంటూ వంగి అంచులో పేరు చదివాడు. "ఈయనేనా గీసింది?"

నేను కుంచెకు పట్టిన దుమ్ము దులిపాను.

"నువ్వెవరమ్మా మరి?"

"రంగులు నింపే మనిషిని" అన్నాను. అన్న ఇచ్చిన పదవి అది. మార్చకుండా చెప్పాను.

"సరే, ఆయన నంబరియ్యి. జెండా సంగతి నేనే మాట్లాడతాను."

అప్పుడు నా నోటినుంచి వచ్చిన మాటను నేను ముందుగా ఆలోచించలేదు. కానీ వచ్చిన తరువాత వెనక్కి తీసుకోలేదు.

"వద్దండీ. పెద్దవాడు, ఫోనులో తప్పు చెబితే నొచ్చుకుంటాడు. జెండా సంగతి నేను చెబుతాను."

"తప్పకుండా చెప్పు. మా వాళ్ళ ముందు అలాంటి జెండా పెడితే నన్ను బతకనివ్వరు" అని నవ్వుతూ, ఆర్డరు మాట్లాడటానికి మాత్రం అన్న నంబరు రాసుకుని వెళ్ళిపోయాడు.

నేను చెప్పలేదు. ఆ రోజు బస్సులో వడమాలపేటకు తిరిగి వెళుతున్నప్పుడు చెప్పలేదు, మరునాడు ఆర్డరు ఖాయమైందని అన్న అందరికీ జిలేబీ తెప్పించినప్పుడు చెప్పలేదు. నా పక్కన కూర్చుని పటికనీళ్ళు పట్టే ఆమె పూతలపట్టు నుంచి వస్తుంది. నోరు ఊరుకోదు. జిలేబీ కొరుకుతూ నా చెవిలో, "అక్కా, నీ ఓడ ఈసారి ఎవురి పేరు మీద మునుగుతాదో!" అంది.

"సూస్తావు కదా" అన్నాను.

కొత్త గుడ్డ కోసం పొడవు బల్లలు రెండు కలిపాము. చింతబొగ్గుతో ఓడను మళ్ళీ గీశాను. మొదటిసారికంటే తాళ్ళు సరిగ్గా వచ్చాయి, అలల మీద కుట్టు పడవలు బరువుకు వంగినట్టు వచ్చాయి. చివరికి జెండాల దగ్గరికి వచ్చాను. అన్ని లెక్కలూ సరిచూసుకునే నా చేతికి ఒక తప్పును తెలిసి గీయమని చెప్పడం తేలిక అనుకున్నాను. తేలిక కాలేదు. రెండుసార్లు చేయి దానంతటదే ఓడ ముక్కు వైపుకు వెళ్ళింది. రెండుసార్లూ దులిపాను. మూడోసారి వెనక్కి ఎగిరింది. తెలియక గీసిన తప్పుకంటే తెలిసి గీసిన తప్పు చక్కగా వచ్చింది. మడతలు కూడా అందంగా కుదిరాయి.

అంతటితో కసిం పట్టవచ్చు. కానీ పట్టలేదు. ఆయనకు ఒక అవకాశం ఇవ్వాలని అనుకున్నాను. ఒక్కసారి గుడ్డ దగ్గరికి వచ్చి, తన పేరు వేసుకోబోయే ఓడను తన కళ్ళతో చూసి, ఒక్క ప్రశ్న అడిగితే చాలు, అంతా చెప్పేసేదాన్ని. బొగ్గు ఇంకా బొగ్గే. దులిపితే పోతుంది.

అన్న అప్పుడు గడప దగ్గర కుర్చీలో కూర్చుని లారీవాళ్ళతో ఫోనులో మాట్లాడుతున్నాడు.

"అన్నా, కసిం పట్టే ముందర ఒకసారి సూడు. గాలి యా పక్కనుంచి వస్తాదో సెప్పు."

"గాలా? ఫ్యాను ఏసుకో మే."

"ఓడకన్నా. గాలి ఎట్నుంచి కొడతాది?"

ఆయన ఫోనును చెవినుంచి పక్కకు తీశాడు. ముఖంలో విసుగు. "పోయిన గుడ్డలో ఎట్లుండాదో అట్నే గియ్యి. దాన్ని సూసే కదా ఆర్డరు వచ్చింది? కలం పట్టేది నీకు నేర్పింది నేను. ఇప్పుడు నాకే గాలి నేర్పుతావా?"

"లేదన్నా."

"అయితే పని సూడు."

పూతలపట్టు ఆమె నా ముఖం చూసి నవ్వు ఆపుకుంది. నేను కలాన్ని కుండలో ముంచి, దానికి చుట్టిన ఉన్నిని వేళ్ళతో నొక్కి, మొదటి జెండా మీద నల్లగీతను లాగాను. మధ్యాహ్నానికి మూడూ అయిపోయాయి.

రంగులు ఉడకబెట్టి, ఉతికి, ఆరేసి, నీలం పట్టేసరికి మాఘం వచ్చింది. చివరి రోజు అన్న కొత్త చొక్కా వేసుకుని వచ్చి, ఫోనులో వీడియో తీయమని ఒకరికి ఇచ్చి, అంచులో తన పేరు తానే రాసుకున్నాడు. ఈసారి పేరు పైన ఇంకో రెండు మాటలు కూడా చేర్చాడు. "రూపకల్పన, చిత్రణ." కసింతో, పెద్ద అక్షరాలతో. నేను దగ్గరే నిలబడి చూశాను. ఎప్పుడూ ఉండే పేరు ఒక్కటే ఉంటే, అది పనిశాల పేరని తప్పించుకునేవాడేమో. ఆ రెండు మాటలను ఆయనే తెచ్చి నా చేతిలో పెట్టాడు.

హాలు ప్రారంభానికి నన్ను కూడా తీసుకువెళ్ళాడు. గుడ్డను మడతలు విప్పి, ముడతలు పోగొట్టి తగిలించాలంటే నేను ఉండాలి. హాలు చిన్నదే. కిటికీలనుంచి ఉప్పుగాలి వస్తోంది. ఓడల్లో బతికిన ముసలివాళ్ళు వరసలుగా కూర్చుని ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటున్నారు. గుడ్డ మీద ఇంకా తెర ఉంది. గంధం లేకపోయినా కెప్టెనుగారిని గొంతు బట్టి గుర్తుపట్టాను. నన్ను చూసి చేయి ఊపాడు. నేను చివరి వరసలో కూర్చున్నాను.

అన్న మైకు అందుకున్నాడు. సముద్రం ఒడ్డున నిలబడి ఎన్నో ఉదయాలు ఓడల కోసం ఎదురుచూశానన్నాడు. తాను గీయలేదని, ఓడే తన కలలోకి వచ్చి తనను గీయించుకుందని అన్నాడు. చప్పట్లు కొట్టారు. కెప్టెనుగారు తెర లాగారు.

ముసలివాళ్ళంతా మెడలు చాచి ముందుకు వంగారు. అది మెచ్చుకోలు అనుకుని అన్న చేతులు జోడించాడు. రెండో వరసలో ఒకాయన కళ్ళజోడు సవరించుకున్నాడు.

"సారూ, మీ కలలో గాలి రెండు వైపులనుంచీ కొట్టిందా?"

ఎవరో ఫక్కున నవ్వారు.

"అది జెండా కాదురా, రివర్సు గేరు."

"తుఫానులో నేను ఇట్టాంటి ఓడెక్కి ఉంటే మా ఆవిడ ఎప్పుడో పండగ చేసుకునేది."

నవ్వు వెనక వరసదాకా వచ్చింది. అన్నకు అర్థం కాలేదు. గుడ్డ వైపు చూశాడు, జనం వైపు చూశాడు. ఒకాయన లేచి వెళ్ళి జెండాలను, తెరచాపలను వేలితో చూపించి గాలి సంగతి చెప్పాడు. చెబుతున్నకొద్దీ అన్న ముఖం నేను చూస్తూ ఉన్నాను. ఏ రేఖ దగ్గర ఆయనకు తప్పు అర్థమైందో నాకు తెలుసు.

కెప్టెనుగారు నవ్వలేదు. "ఏవండీ, జెండా దిద్దమని మీకు కబురు చెప్పించాను కదా!"

"నాకెవురూ సెప్పలేదు సార్" అన్నాడు అన్న. మైకు ఇంకా చేతిలోనే ఉంది. ఆ మాటలు హాలంతా వినబడ్డాయి. "నాకేం తెలుసు సార్? గీసింది నేను కాదు. అదో, ఆ కడాన కూర్చోనుండాదే, ఆయమ్మ. అంతా ఆమే గీసింది. ఆ హోటల్లో ఉండేది కూడా ఆమే గీసింది. నేను పేరు యేసినానంతే."

తలలన్నీ నా వైపు తిరిగాయి. లేచి నిలబడ్డాను. ఇన్నాళ్ళూ ఆ మాట వచ్చే ఘడియలో ఏమంటానో ఎన్నోసార్లు అనుకున్నాను. అనుకున్నవేవీ రాలేదు.

"అవునండీ. రెండు ఓడలూ నేనే గీశాను. ఆయన సరిగ్గా చెప్పాడు."

"నేను చెప్పిన మాట?" అన్నాడు కెప్టెనుగారు.

"నా దగ్గరే ఉంచుకున్నాను. జెండా తప్పని తెలిసే గీశాను."

అన్న మైకు బల్ల మీద పెట్టాడు. "సూసినారా సార్? ఎంత పగ పెట్టుకోనుండాదో సూసినారా?"

"పగే అన్నా" అన్నాను. "గుడ్డను ఒక్కసారి సూసి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు. గాలి గురించి నేను నిన్ను అడిగినాను. మన పూతలపట్టు ఆమె ఉండాది సాక్ష్యం."

ఆయన అంచులో తన పేరు వైపు చూశాడు. ఆ చూపును నేను నిండా అనుభవించాను. అందులో జాలి ఏమీ కలపలేదు, ఇప్పుడూ కలపను.

కానీ కెప్టెనుగారు నా దగ్గరికి వచ్చి, ఈసారి గొంతు తగ్గించి అడిగిన మాట నేను లెక్క వేయనిది. "మీ ఇద్దరి తగాదాలో మా హాలేం చేసిందమ్మా? మేం కట్టుకున్న గోడ మీదే తీర్చుకోవాలా?"

"మీరేమీ చేయలేదండీ."

"మరి?"

"ఇంకొకటి గీసి ఇస్తాను. నా ఇంట్లో, నా గుడ్డ మీద. అంచులో నా పేరు ఉంటుంది."

"ముందు గాలి గీయి. పేరు సంగతి తరవాత" అన్నాడు. కోపంగానే అన్నాడు. ఆ సాయంత్రం తానే నన్ను ఒడ్డుకు తీసుకువెళ్ళాడు. జేబురుమాలు ఎత్తి పట్టుకుని, మోచేతి దగ్గరనుంచి చేయి తిప్పుతూ, గాలి ఏ పక్కనుంచి వస్తే చాప ఎంత వాలుతుందో, జెండా ఎటు ఎగురుతుందో, అల ఎటు విరుగుతుందో ఒక్కొక్కటీ చూపించాడు. నేను ఒడ్డున నిలబడి అన్నీ గీసుకున్నాను. "అర్థమైందా?" అని ప్రతిసారీ గద్దించాడు. అయిందన్నాక కూడా ఇంకోసారి చూపించాడు.

మూడో ఓడ మా ఇంటి మిద్దె మీద పుట్టింది. వానలు మొదలయ్యే ముందు ఇచ్చేశాను. జెండాలు మూడూ ముక్కు వైపుకే ఎగురుతాయి. కెప్టెనుగారు దాన్ని చాలాసేపు చూసి, "ఈ ఓడ ఎక్కుతాను" అన్నాడు. అంచు వైపు వంగి నా పేరును బిగ్గరగా చదివాడు.

తప్పు ఓడ తిరిగి వడమాలపేటకు వచ్చింది. ఇంత పెద్ద గుడ్డ ఇళ్ళల్లో పట్టదు. బస్సు ఆగే చోటికి ఎదురుగా ఉన్న పనిశాల దుకాణం గోడకు దాన్ని తగిలించాడు అన్న. నేను ఇప్పుడు ఆయన దగ్గర పనిచేయడం లేదు. పుత్తూరులో పిల్లలకు కలం నేర్పుతూ మంగళవారాలు ఆ దారినే వెళుతున్నాను. బస్సు ఆగినప్పుడు ఓడ నిండుగా కనబడుతుంది. మూడు జెండాలు గాలికి ఎదురెగురుతూ ఉంటాయి.

మొదటిసారి చూసినప్పుడు ఏదో తగ్గినట్టు అనిపించింది. బస్సు కదిలాక తెలిసింది. అడుగు అంచు లేదు. కోయలేదు, కోస్తే గుడ్డ విలువ పోతుందని ఆయనకు తెలుసు. "రూపకల్పన, చిత్రణ" అన్న మాటలనూ, తన పేరునూ లోపలికి మడిచి, వెనకనుంచి కుట్టేశాడట. పూతలపట్టు ఆమె ఇంకా అక్కడే పనిచేస్తోంది. మొన్న ఫోను చేసి నవ్వింది.

"అక్కా, గిరాకీలు వచ్చి ఇది ఎవురు గీసినారని అడగతాండారు. అన్న ఏమంటాడో తెల్సునా? 'పాతది, ఎవురో గీసినారు' అంటాడు."

ఆ రోజు పేజీలో వారం, తిథి రాసి, కింద ఆ ఒక్క మాట రాసుకున్నాను. ఎవరో.

కుట్లు విప్పితే పేరు లోపల అలాగే ఉంటుంది. కసిం కదా. ఆ గుడ్డను ఎవరైనా కొంటే, ఎప్పుడైనా ఉతికించడానికి అంచు విప్పితే, ఆ జెండాల కింద ఆయన పేరే బయటపడుతుంది. అంతదాకా బస్సులో దుకాణం వైపు కిటికీ నాది. ఇంకెవరైనా ముందే కూర్చుని ఉంటే లేవమని అడుగుతాను.